బెంగళూరు బాబాయ్ జవాబులు: ఈసారి అంతా కర్ణాటక తిరుగుడే

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ముప్పాతిక వంతు తిరుగుడు గురించే. పిల్లలకి సెలవలొస్తున్నాయి, ఊళ్ల నుంచి అమ్మానాన్నలు దిగుతున్నారు, కారు కొని ఈఎంఐ కట్టుకుంటూ ఆఫీసుకి తప్ప ఎక్కడికీ తియ్యట్లేదని ఇంట్లో గొడవలు, అదీ సంగతి. అందుకని ఇంటి డిపాజిట్ తిరిగివ్వని ఓనర్లు, ఆవకాయకి మంచి కారం ఎక్కడ దొరుకుద్ది లాంటివి వచ్చే నెలకి తోసేశా, తిట్టుకోకండి.

బాబాయ్, అమ్మానాన్న గుంటూరు నుంచి మే నెలలో వస్తున్నారు. నాలుగు రోజుల్లో హంపి, జోగ్, కూర్గ్, మైసూరు అన్నీ కవర్ అయ్యేలా ప్లాన్ ఇవ్వు. నాన్నకి మోకాళ్ల నొప్పులు. (మారతహళ్లి నుంచి ఒకమ్మాయి)

ఇవ్వనమ్మా. నాలుగు రోజుల్లో నాలుగూ తిప్పితే మీ నాన్న చూసేది టోల్ గేట్లు, కారు సీటు, అంతే. హంపి ఇక్కడ్నించి ఉత్తరంగా 340 కిలోమీటర్లు, జోగ్ 400 దాకా, కూర్గ్‌లో మడికేరి ఇంకో దిక్కు, ఒకదాన్నించి ఒకదానికి కొండదారులు. పైగా మేలో హంపి అంటే పెనం, చుట్టూ బండలే కదా, పొద్దున్న తొమ్మిదికల్లా కాలు పెట్టలేం, జోగ్‌లో ఏమో నీళ్లుండవు (దాని కథ కింద చెప్తా). మైసూరు ఒక్కటి పట్టుకో. రెండు రాత్రులు అక్కడే రూము తీసుకో, సామాన్లు రోజూ సర్దే పని తప్పుద్ది.

ఆదివారం సాయంత్రం మైసూరులో ఉండేలా చూసుకో. ప్యాలెస్‌కి దాదాపు లక్ష బల్బులుంటాయి, ఆదివారాలు, గవర్నమెంటు సెలవు రోజులు రాత్రి ఏడింటికి ఒక్కసారిగా వెలుగుతాయి, ఆ క్షణం గుంపంతా 'హో' అంటది, మీ అమ్మ కూడా అంటది చూడు. పాత చెక్క ప్యాలెస్ 1897లో ఒక పెళ్లి టైములో కాలిపోతే ఇప్పుడున్నది 1912కి పూర్తయింది. చాముండి కొండకి వెయ్యి మెట్లున్నా పైదాకా కారెళ్తది, మధ్యలో ఉన్న పెద్ద నందికి కూడా రోడ్డుంది, మోకాళ్లకి ఢోకా లేదు. దారిలో శ్రీరంగపట్నం రంగనాథస్వామి దర్శనం, అక్కడే టిప్పు 1799 మే 4న చనిపోయింది, కోట గోడలు ఇంకా ఉన్నాయి. పిల్లలుంటే పక్కనే రంగనతిట్టులో బోటెక్కించు, చెట్ల నిండా కొంగలు, బండల మీద మొసళ్లు నోళ్లు తెరుచుకుని పడుకునుంటాయి.

అసలు నేను వెళ్లమనేది సోమనాథపురం. మైసూరు నుంచి గంట లోపే. అందరూ బేలూరు, హళేబీడు అంటారు, అవి గొప్పవే, బేలూరు చెన్నకేశవ గుడి 1117లో విష్ణువర్ధనుడు కట్టించాడు, హళేబీడులో ఒక్క గోడ చూడ్డానికే పూట పడుద్ది. కానీ పెద్దాళ్లతో అంత దూరం వద్దు. సోమనాథపురం కేశవ గుడి 1258 నాటిది, చిన్నది, తీరిగ్గా చుట్టూ తిరిగి చూడొచ్చు, కూర్చోడానికి చుట్టూతా మండపం. గర్భగుళ్లు మూడుంటాయి, కేశవుడి అసలు విగ్రహం పోయింది, జనార్దనుడు, వేణుగోపాలుడు కొంచెం దెబ్బతిని ఉన్నారు, అందుకే పూజ లేదు, టెంకాయ కొట్టించాలని మీ అమ్మ సంచిలో పెట్టుకొస్తే అది తిరిగి ఇంటికొచ్చి పచ్చడైపోద్ది.

అంత సన్నటి పని రాతిలో ఎలా చేశారని మీ నాన్న కచ్చితంగా అడుగుతారు. అది గట్టి నల్లరాయి కాదు, మనం చిన్నప్పుడు పలక మీద రాసిన బలపం ఉంది చూడు, ఆ జాతి రాయి. గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉంటది, ఉలికి వెన్నలాగా లొంగుద్ది, తర్వాత గాలి తగిలే కొద్దీ గట్టిపడుద్ది. స్తంభాలైతే లేత్ మిషన్ మీద తిప్పినంత గుండ్రంగా ఉంటాయి, ఏదో రకంగా తిప్పే చెక్కారంటారు. ఇంకోటి, మన వైపు గుళ్లలో శిల్పి ఎవరో తెలీదు, ఇక్కడ బొమ్మ కింద పేరు చెక్కుకున్నారు. సోమనాథపురంలో 'మల్లితమ్మ' అనే పేరు చాలా చోట్ల కనపడుద్ది, వినడానికి అమ్మాయి పేరులా ఉన్నా ఆయన మగాయనే. బేలూరు, హళేబీడు, సోమనాథపురం మూడింటినీ కలిపి 2023లో యునెస్కో లిస్టులో పెట్టారు, కాబట్టి గుంపు పెరక్కముందే చూసిరండి.

శ్రవణబెళగొళ మాత్రం ఈసారికి వదిలెయ్. 57 అడుగుల గోమఠేశ్వరుడు, వెయ్యేళ్ల కింద చావుండరాయడు చెక్కించింది, చూసి తీరాల్సిందే, కానీ ఆరొందలపైన మెట్లు, అదీ చెప్పుల్లేకుండా, మే ఎండలో. నేను ఒకసారి పన్నెండింటికి ఎక్కా. సాక్స్ మర్చిపోయి. దిగిన తర్వాత రెండ్రోజులు మడమల మీద నడిచా.

ఆఫీసులో కన్నడ ఫ్రెండ్‌తో రోజూ గొడవ. కృష్ణదేవరాయలు మా వాడంటే మా వాడని. మీరే తీర్పు చెప్పండి. (ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఒక తమ్ముడు)

తమ్ముడూ, ఆయన్ని వంశం పేరుతో అడిగితే తుళువ వంశం, అంటే మంగళూరు ఉడిపి వైపు వాళ్లొచ్చి మీ ఇద్దర్నీ పక్కకి జరగమంటారు. బిరుదు చూస్తే 'కన్నడరాజ్య రమారమణ', నీ ఫ్రెండుకి ఒక పాయింటు. కూర్చుని సొంతంగా రాసింది ఆముక్తమాల్యద, అది తెలుగు, 'దేశభాషలందు తెలుగు లెస్స' అన్నదీ అందులోనే, నీకొక పాయింటు. ఆ పుస్తకం రాయమని విష్ణుమూర్తి కలలో కనపడి చెప్పింది మన కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో. శాసనాలేమో కన్నడంలో వేయించాడు, తెలుగులో వేయించాడు, తమిళంలో, సంస్కృతంలో కూడా వేయించాడు. ఆయనకి లేని గొడవ మీకెందుకురా, ఇద్దరూ కలిసి శుక్రవారం రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, పొద్దున్నే హోసపేటలో దిగొచ్చు, అక్కడ్నించి ఆటో.

వెళ్లేది నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి. రీలు తీసుకునే జాగాలు మీకు నేను చెప్పక్కర్లేదు, రాతిరథం ఎలాగూ యాభై రూపాయల నోటు మీదే ఉంది. నేను చెప్పేవి వేరే. కృష్ణ గుడికి వెళ్లండి, పెద్దగా జనం ఉండరు. రాయలు మన నెల్లూరు జిల్లా ఉదయగిరి కోటని గజపతుల దగ్గర గెలిచి, అక్కడి బాలకృష్ణుణ్ణి తెచ్చి ఈ గుడిలో పెట్టాడు. ఇప్పుడు గర్భగుడి ఖాళీ. ఆ బాలకృష్ణుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాడు. మన ఊరి దేవుడు, కన్నడ నేల మీద గుడి, అద్దాల వెనక తమిళ ఊళ్లో కాపురం, మీ గొడవకి సరిగ్గా సరిపోయిందా లేదా.

అక్కడ్నించి నాలుగడుగులేస్తే ఉగ్ర నరసింహుడు, ఒకే బండలో 6.7 మీటర్లు, 1528లో చెక్కింది. ఉగ్ర నరసింహుడని పేరు పడింది గానీ అది నిజానికి లక్ష్మీ నరసింహుడు. ఒళ్లో కూర్చున్న అమ్మవారి విగ్రహం విరిగిపోయింది. వెనక్కి వెళ్లి చూడండి, స్వామి వీపు మీద ఆమె చెయ్యి మాత్రం ఇంకా ఉంది. గైడు చూపించకపోతే చాలామంది ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు, నేనూ మొదటి రెండుసార్లు అలాగే వెళ్లిపోయా, మూడోసారి ఒక స్కూలు పిల్లాడు వేలెత్తి చూపిస్తే చూశా.

విఠల గుడిలో సరిగమలు పలికే స్తంభాలుంటాయి, కొట్టి చూడకండి, ఇప్పుడు ముట్టుకోనివ్వరు, ఇన్నేళ్లు జనం కొట్టి కొట్టి అరగ్గొట్టారు. విరూపాక్ష గుడిలో వెనక వైపు చీకటి గదిలో చిన్న కంతలోంచి గోపురం నీడ తలకిందులుగా గోడ మీద పడుద్ది, పూజారిని అడిగితే చూపిస్తాడు. సాయంత్రం తుంగభద్రలో పుట్టి ఎక్కండి, డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే మాత్రం పుట్లు ఆపేస్తారు. డ్యామ్ అంటే గుర్తొచ్చింది, 2024 ఆగస్టులో 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది కదా, కిందున్న రాయలసీమకీ ఇటు బళ్లారికీ ఒకేసారి గుండె ఆగినంత పనైంది, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ (గేటు బదులు అడ్డంగా దించే ఇనప పలకలు) దించి ఆపించింది మన డ్యామ్ గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు. రాయలు ఎవరి వాడో తేలకపోయినా ఆ నీళ్లు ఇద్దరివీ.

1565 గురించి, అదే తళ్లికోట యుద్ధంలో ఓడాక ఈ ఊరు ధ్వంసమైన సంగతి, నేనేం రాయను, మహానవమి దిబ్బ మీదెక్కి చుట్టూ చూస్తే సరిపోద్ది.

మా బాబుకి ఏడేళ్లు. తెలుగు నేర్పించా, స్కూల్లో కన్నడ ఇప్పుడిప్పుడే మొదలైంది. అయినా బస్సు బోర్డులు సగం చదివేస్తున్నాడు. రెండు లిపులూ ఎందుకింత దగ్గర? (యలహంక నుంచి ఒక తల్లి)

దగ్గర కాదమ్మా, చాలాకాలం అవి ఒకటే. కదంబుల కాలం నాటి లిపిలోంచి మెల్లగా తయారైన అక్షరాలనే అటూ ఇటూ రాసుకున్నారు, దాన్ని తెలుగు-కన్నడ లిపి అనే అంటారు. సుమారు 13వ శతాబ్దం నుంచే రెండూ చూపుకి విడివిడిగా కనపడ్డం మొదలైంది. పెద్ద తేడా తలకట్టు. మనది టిక్కు మార్కులా పైకి లేస్తది, వాళ్లది అడ్డంగా సాగి చివర వంగుద్ది. మీ వాడికి అది చెప్పండి, మిగతా సగం కూడా చదివేస్తాడు.

కన్నడలో బాగా పాతదని చెప్పే హల్మిడి శాసనం బేలూరు దగ్గర్లో దొరికింది, క్రీ.శ. 450 ప్రాంతం. మనకి కడప వైపు రేనాటి చోళుల శాసనాలు, క్రీ.శ. 575 ప్రాంతం. బాదామి చాళుక్యుల రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడే కదా వేంగికొచ్చి మన తూర్పు చాళుక్యుల్ని మొదలెట్టింది. ఇంకా మజా ఏంటంటే కన్నడ ఆదికవి పంపడు కావ్యం రాసింది మన వేములవాడలో, అక్కడి రాజు అరికేసరి దగ్గర. పంపడి పూర్వీకులది వేంగినాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ దగ్గర కురిక్యాలలో బండ మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడిట్లో శాసనం చెక్కించాడు, అందులో తెలుగు కంద పద్యాలున్నాయి, నన్నయ కంటే ముందు. అన్న కన్నడంలో మహాకవి, తమ్ముడు తెలుగు కందానికి సాక్ష్యం, ఒకే ఇంట్లో.

కానీ జాగ్రత్త, అక్షరాలొస్తే అర్థాలు రావు. కన్నడలో 'కల్లు' అంటే రాయి. హంపిలో 'కల్లిన రథ' అని చదివి మా బావమరిది ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. 'ఊట' అంటే భోజనం, మనకేమో బావిలో నీటి ఊట. పక్కింటావిడ 'ఊట ఆయ్తా' అంటే బోరు గురించి అడుగుతోందనుకుని 'నాలుగొందల అడుగులండీ' అని మా ఆవిడ చెప్పింది, కొత్తలో.

జోగ్ ఫాల్స్ ఎప్పుడెళ్లాలి? ఫొటోల్లో ఒకలా, వెళ్లినోళ్లు చెప్పేది ఒకలా ఉంది. (కె.ఆర్. పురం)

నేను ఏప్రిల్‌లో వెళ్లా. ఎనిమిది గంటలు నడుపుకుంటూ. పిల్లలకి దారి పొడుగునా రాజా, రాణి, రోరర్, రాకెట్ అని నాలుగు పాయల పేర్లు నేర్పించా, తీరా చూస్తే పెద్ద నల్ల కొండ, దాని మీద జంధ్యప్పోగుల్లాగా రెండు తడి చారలు. 'నాన్నా ఇందులో రాజా ఎవరు' అని మా పాప అడిగింది.

తప్పు నాదే. శరావతి నది 253 మీటర్ల నుంచి దూకేది నిజమే, కానీ పైన 1964లో లింగనమక్కి డ్యామ్ కట్టారు, నీళ్లు కరెంటుకి వెళ్తాయి, వానలు గట్టిగా పడి డ్యామ్ నిండితేనే జోగ్ మనకి కనపడే జోగ్. అలాగని నడి జులైలో వెళ్తే ఇంకో తమాషా, చప్పుడు గుండెల్లో వినపడుద్ది గానీ ఎదురుగా తెల్లటి మంచు తప్ప ఏం కనపడదు, గంటసేపు గొడుగు పట్టుకు నిలబడితే ఒక నిమిషం తెర తొలగుద్ది. నన్నడిగితే ఆగస్టు చివర నుంచి అక్టోబరు మొదలు దాకా. వెళ్లినప్పుడు ఒక్క జోగ్ కోసమే వెళ్లకండి, దారిలో కెళది దగ్గర ఇక్కేరి గుడి, సాగర పట్టణంలో గంధపు చెక్క చెక్కేవాళ్లు, ఇంకో రోజుంటే ఘాట్ దిగి మురుడేశ్వర సముద్రం. ఘాట్లో అడవిలోకి నడిస్తే జలగలుంటాయి, ఉప్పు పొట్లం జేబులో పెట్టుకోండి, పీక్కూడదు, ఉప్పేస్తే అదే రాలిపోద్ది.

సెలవు ఒక్క ఆదివారమే. నంది కొండ సూర్యోదయం తప్ప ఇంకేమైనా? (హెబ్బాళ)

ఆదివారం నంది కొండ సూర్యోదయం అంటే కార్ల వెనక ఎర్ర లైట్ల ఉదయమే. కొండెక్కకండి, కింద నంది ఊళ్లో భోగనందీశ్వర గుడికి వెళ్లండి. వెయ్యేళ్ల పైబడిన గుడి, మెట్ల కోనేరు, పెళ్లి మండపంలో చిలకల చెక్కడం, పావురాల చప్పుడు తప్ప శబ్దం ఉండదు. పక్కనే ముద్దేనహళ్లి, విశ్వేశ్వరయ్య గారు పుట్టిన ఊరు, ఇల్లు మ్యూజియంగా ఉంచారు. ఇక్కడ నేను కాస్త గొప్పలు పోతా, ఏమనుకోకండి. మాది గిద్దలూరు వైపు. ఆయన ఇంటి పేరు మోక్షగుండం మా దగ్గరి ఊరే, పూర్వీకులు అక్కడ్నించి వలసొచ్చారు. మైసూరుకి కె.ఆర్.ఎస్. డ్యామ్ ఇచ్చినాయనే 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదుకి మళ్లీ అలా జరక్కుండా ప్లాన్ వేసిచ్చాడు. మ్యూజియం వాచ్‌మన్‌కి 'మాది మోక్షగుండం పక్కనే' అని చెప్పా, ఆయన తెలుగులోనే 'అందరూ అదే చెప్తారు సార్' అన్నాడు.

ఆ పక్కంతా తెలుగే వినపడుద్ది, చింతామణి, బాగేపల్లి, ముళబాగిలు. కైవారం వెళ్తే తాతయ్య మఠం, ఆ తాతయ్యే కైవార నారాయణప్ప, తెలుగులో, కన్నడలో రెండిట్లో తత్వాలు రాశాడు. ముళబాగిలు దగ్గర కురుడుమలె వినాయకుడు మన ఎత్తుకి రెండింతల పైన ఉంటాడు. లేపాక్షి గురించి ఇద్దరు అడిగారు, అది ఆంధ్రానే బాబూ, ఒక్క రోజులో వెళ్లి రావచ్చు గానీ ఈ లెక్కలో రాదు.

కబిని అడవి సఫారీలో పులి గ్యారంటీగా కనపడుద్దా? మనిషికి వేలల్లో చెప్తున్నారు. (జయనగర)

పులితో అపాయింట్‌మెంటు ఉండదు. 2022 లెక్కలో కర్ణాటకలో 563 పులులు, మధ్యప్రదేశ్ తర్వాత ఇదే, అయినా నేను నాలుగు సఫారీల్లో చూసింది ఒక తోక. ఏనుగుల కోసం వెళ్లండి, ఎండాకాలం రిజర్వాయరు నీళ్లు తగ్గి గడ్డి మొలిచినప్పుడు మందలు మందలుగా వస్తాయి, పైసలు వసూల్. బందీపూర్ మీదుగా కేరళ రోడ్డులో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బళ్లు వదలరు, అది చూసుకుని బయల్దేరండి.

చన్నపట్న బొమ్మలూ మన ఏటికొప్పాక బొమ్మలూ ఒకేలా ఉంటాయేంటి? ఎవరు ఎవర్ని కాపీ కొట్టారు? (బనశంకరి)

చెట్టొకటే. మనం అంకుడు కర్ర అంటాం, వీళ్లు హాలె మర అంటారు. రెండు చోట్లా కర్రని తిప్పుతూ లక్క అద్దుతారు, ఆ వేడికే రంగు కరిగి పట్టుకుంటది. కాపీ మాట పక్కన పెట్టండి. మైసూరు రోడ్డు మీద షాపుల్లో వేలాడేవాటిలో చాలావరకు బయటి ప్లాస్టిక్కు సరుకు, కొనేముందు గోటితో గీకండి, వాసన చూడండి, ఊరి లోపలికెళ్తే తిప్పేవాళ్లే అమ్ముతారు.

ఊరు దాటే ఓపిక లేదు, ట్రాఫిక్ భయం. బెంగళూరులోనే చూడదగ్గ పండగ ఏదైనా? (బొమ్మనహళ్లి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు)

రెండున్నాయి మాస్టారూ. కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనక్కాయల జాతర. దొడ్డ బసవన్న గుడి రోడ్డంతా కుప్పలు కుప్పలుగా కాయలే. చేలో పడి కాయలు తినే ఎద్దు కోసం మొదటి పంట ఇస్తామని రైతులు మొక్కుకున్నారని కథ. కోలారు, చింతామణి నుంచీ మన వైపు నుంచీ కూడా రైతులొస్తారు, బేరం తెలుగులో ఆడొచ్చు. ఇంకోటి చైత్ర పౌర్ణమి రాత్రి కరగ, తిగళర పేట ధర్మరాయ స్వామి గుడిలోంచి. ద్రౌపదమ్మ శక్తిగా పూల గోపురం తల మీద పెట్టుకుని, చేత్తో పట్టుకోకుండా, ఆడవేషంలో పూజారి పరుగులాంటి నడకతో పాత పేటంతా తిరుగుతాడు, చుట్టూ కత్తులు పట్టుకున్న వీరకుమారులు. దారిలో మస్తాన్ సాహెబ్ దర్గాకి వెళ్లి రావడం ఆనవాయితీ. అర్ధరాత్రి దాటాకే బయల్దేరుద్ది, మధ్యాహ్నం పడుకుని వెళ్లండి, ఆ రోజు మెజెస్టిక్ వైపు ఆటోవాడు రానంటాడు, మెట్రోలో దిగి నడవండి.

ఆఖరి ప్రశ్న బాబాయ్, రాగి ముద్ద మన సంగటే కదా, హోటల్లో నమిలి తింటుంటే అందరూ నన్నే చూశారు. (వైట్‌ఫీల్డ్)

మన రాయలసీమ సంగటిలో బియ్యం కలుస్తది, కాబట్టి నమిలినా నడుస్తది. ఇక్కడ ముద్ద ఒట్టి రాగిపిండే, నమిలితే పళ్లకి అంటుకుంటది. చిన్న ఉండ తుంచి, బస్సారులో (పప్పు, ఆకుకూర ఉడికించిన నీళ్లతో చేసే చారు) ముంచి, మింగెయ్యడమే.